తలుపు కింద పోసిన నీళ్ళు

ఎర్రగుంట్ల,
14 జులై 2024

ప్రియమైన రమణీ,

పోస్టాఫీసులో కూర్చుని నలుగురి ఉత్తరాలకూ ముద్రలు వేసే దానివి, నాకు మాత్రం ఒక్క ముక్క రాసి ఐదు నెలలు దాటింది. మీ అక్క హంపక్క పోయిన సంగతి మన హాస్టల్ పర్వీన్ చెబితే తెలిసింది. జ్వరం అంది. ఏం రాయాలో తోచక నేనూ ఇన్నాళ్ళు ఊరుకున్నాను. ఫోన్ చేస్తే మీ ఊర్లో సిగ్నల్ ఉండదు. దొరికిన రోజున కూడా నువ్వు ఊఁ అనడం తప్ప నోరు విప్పవు. ఒంటి గది ఇల్లు, మాట్లాడితే అమ్మ వింటుందని నువ్వే ఒకసారి అన్నావు. అందుకే కాగితం తీసుకున్నాను.

నా సంగతులు పెద్దగా ఏమీ లేవు. బీకాం చదివి సిమెంటు ఫ్యాక్టరీ రోడ్డులో లారీల కాటా దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. లారీ ఎక్కుతుంది, బరువు చూసి స్లిప్పు ఇస్తాను, లారీ దిగుతుంది. నాయన టార్పాలిన్లు కుట్టడం మానలేదు. రబ్బానీ అన్న లారీకి వెళితే పది రోజులకు గానీ రాడు.

ఒక్క విషయం మాత్రం కొత్తది. నవ్వకుండా చదువు. నేను లైవ్ స్ట్రీమింగ్ మొదలుపెట్టాను. ఛానెల్ పేరు ‘మిట్టమధ్యాహ్నం’. ప్రతి ఆదివారం మూడింటికి, ఇంట్లో అందరూ కునుకు తీసే వేళ, మిద్దె మీది గదిలో కూర్చుని జపాన్ దయ్యాల సినిమాల కథలు చెబుతాను. ముఖం చూపించను. తెర మీద నేను గీసిన వసారా బొమ్మ ఒకటి, దాని చివర నిలబడిన ఆడమనిషి నీడ ఒకటి. మిగతాదంతా గొంతే.

కర్నూలు హాస్టల్లో పర్వీన్ లాప్‌టాప్ చుట్టూ ఎనిమిది మందిమి మూగి ఆ సినిమాలు చూసిన రోజులు గుర్తున్నాయా? కింద ఇంగ్లీషులో పడే మాటలు నేను చదివి మీకు తెలుగులో చెప్పేదాన్ని. నాకవి అప్పుడెందుకు అంత నచ్చాయో ఇప్పుడు తెలుస్తోంది. మన సినిమాల్లో దయ్యానికి నిమ్మకాయలు కోస్తారు, తాయెత్తు కడతారు, అది పోతుంది. వాళ్ళ దయ్యం పోదు. అరవదు కూడా. గది మూలలో ఊరికే నిలబడి ఉంటుంది. ఇంటివాళ్ళు అన్నం తింటూ ఉంటారు, బట్టలు మడతపెడుతూ ఉంటారు. మనకు కనబడుతుంది, వాళ్ళకు కనబడదు.

ఇంత ఇష్టమున్నా నా లైవ్‌కు వచ్చేది పదకొండు మంది. అందులో ఒకరు పర్వీన్. పోయిన వారం ఎవరో అడిగారు, ‘అక్కా, మీరు వార్తలు చదువుతున్నారా?’ అని. నవ్వు రాలేదు రమణీ. నిజంగానే అలా ఉంది నా గొంతు. జవాబు రాయి.

నీ
ముబీనా


హిరేకుంట, కోసిగి దగ్గర,
2 ఆగస్టు 2024

ప్రియమైన ముబీనా,

నీ కవరు నా చేతికే వచ్చింది, నేనే ముద్ర వేసుకుని నాకే బట్వాడా చేసుకున్నాను. ఈ పోస్టాఫీసు అంటే మా ఇంటి వసారాలో ఒక బల్ల, ఒక పెట్టె. చుట్టుపక్కల మూడు ఊర్ల టపా నాదే. ఇక్కడికి వచ్చేవి బ్యాంకు నోటీసులు, ఆధార్ కార్డులు. చేత్తో రాసిన ఉత్తరం ఈ సంవత్సరంలో నీదొక్కటే.

హంపక్క సంగతి ఇప్పుడు రాయలేను. అక్క కూతురు ఉరుకుందమ్మ మా దగ్గరే ఉంది. ఆరేళ్ళు. బడిలో వేశాం. రాత్రి నా చెయ్యి పట్టుకోకుండా పడుకోదు. అమ్మకు ఈ పిల్లే లోకం.

నీ ఛానెల్ నేను చూడలేను, ఇక్కడ వీడియో తెరుచుకోదు. కానీ నువ్వు చేస్తున్న తప్పేమిటో చూడకుండానే చెప్పగలను. నువ్వు టీవీ వాళ్ళలా మాట్లాడుతున్నావు. హాస్టల్లో అలా చెప్పేదానివా? “చూడండి మే, ఆ మూలలో ఆయమ్మి నిలబడుకోనుండాది, ఈళ్ళేమో అన్నం తింటాండారు” అనేదానివి. ఆ ఒక్క మాటకు పర్వీన్ నా భుజం కొరికేసింది. సినిమా సగం భయపెడితే మిగతా సగం నీ మాటే భయపెట్టేది. అదే మాట మైకు ముందు అను. సిగ్గుపడితే పదకొండు మందే మిగులుతారు.

నీ
రమణి


ఎర్రగుంట్ల,
25 ఆగస్టు 2024

ప్రియమైన రమణీ,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటి పది నిమిషాలు పరాయి వాళ్ళ ముందు ఇంట్లో కట్టుకునే చీరతో నిలబడ్డట్టుంది. తర్వాత మరిచిపోయాను. కథ చెప్పడం అయ్యాక చూస్తే మూడు వందల మంది ఉన్నారు. ఎవరూ పోలేదు.

తిట్టిన వాళ్ళూ ఉన్నారు. ఈ యాసలో దయ్యం కథ ఏమిటి, బాంబులు ఎప్పుడు వేస్తారు అని ఒకడు రాశాడు. “మా జేజి ఈ మాటతోనే నన్ను నిద్రపుచ్చింది, ఈ మాటతోనే భయపెడతా, ఉంటే ఉండు నాయనా, పోతే పో” అన్నాను లైవ్‌లోనే. ఆ ముక్క కోసి ఎవరో అన్నిచోట్లా పెట్టారు.

ఇంకో సంగతి. అన్న ఇంటికొచ్చి, డ్రైవర్లందరూ దారిలో ఎవరో ఆడమనిషి చెప్పే దయ్యం కథలు వింటున్నారని అమ్మతో అన్నాడు. “మన సైడు మనిషేనంటమ్మా. గొంతు ఇంటాంటే స్టీరింగు చల్లబడిపోతాది” అన్నాడు. అమ్మకు తెలుసు నేనేనని. ఆమె ముఖంలో ఒక్క గీత కదలలేదు. అన్నకు చారు వడ్డించింది.

కానీ నాకు భయంగా ఉంది. మనం చూసిన ఏడు సినిమాలూ చెప్పేశాను. కొత్తవి చూస్తున్నాను గానీ అవి విన్నట్టే ఉంటున్నాయి. జనం “సొంతంగా ఏదైనా చెప్పక్కా” అంటున్నారు. నాకేం జరిగిందని చెప్పను? ఇరవై ఆరేళ్ళలో నాకు జరిగినవి డిగ్రీ, కాటా.

నువ్వు మాత్రం సినిమాల గురించి ఒక్క ముక్క రాయలేదు. అందరం దుప్పట్లు కప్పుకుంటే కళ్ళు మూయకుండా చూసేదానివి నువ్వొక్కదానివే. ఇప్పుడేమైంది? నీకవి ఇష్టం పోయిందా?

నీ
ముబీనా


హిరేకుంట,
20 సెప్టెంబర్ 2024

ముబీనా,

నువ్వు అడిగినదానికి జవాబు మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది. చదివి చించెయ్. ఎవరికీ చెప్పొద్దు, పర్వీన్‌కు కూడా.

అక్క జ్వరంతోనే పోయింది. ఆ మాట అబద్ధం కాదు. కానీ అంతే కాదు.

పోయిన జనవరిలో ఊర్లకు ఊర్లు సుగ్గికి వెళ్ళాయి. ఏటా అంతే, పంట లేని నెలల్లో ఇక్కడి వాళ్ళు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఇళ్ళకు తాళాలు, వీధుల్లో ముసలివాళ్ళు, కుక్కలు. మా బావ బసవరాజ్‌కు అక్క మీద అనుమానం. అంతకు ముందు ఏడాది సుగ్గిలో కూలీల మేస్త్రీతో ఫోన్లో మాట్లాడిందట. అందుకని ఈసారి ఆమెను తీసుకుపోలేదు. పిల్లను మాత్రం తీసుకుని, అక్కను ఇంట్లో ఉంచి బయట తాళం వేసి వెళ్ళాడు. తాళంచెవి వాళ్ళమ్మ చేతికిచ్చాడు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయమని. ఆ ముసలామె తాళంచెవి కొంగున కట్టుకుని ఎమ్మిగనూరులో చుట్టాలింటికి పోయి నాలుగు రోజులు ఉండిపోయింది.

ఆ ఊరి టపా కూడా నాదే. మూడో రోజు మధ్యాహ్నం నేను స్కూటీ మీద వెళ్ళాను. వీధిలో మనిషి లేడు. అక్క ఇంటి దగ్గరికి వచ్చేసరికి తలుపు లోపలి నుంచి కొడుతున్న చప్పుడు. మూడు దెబ్బలు, కాసేపు ఆగడం, మళ్ళీ మూడు. పిలిచాను. ఆమె గొంతు తలుపు అడుగు నుంచి వచ్చింది. పడుకునే ఉందన్నమాట.

“రమణీ, జ్వరంతో ఒళ్ళు కాలిపోతాంది, నీళ్ళైపోయినాయే. తాళం పగలగొట్టు” అంది.

కాస్త దూరం పోయి సిగ్నల్ దొరికాక బావకు ఫోన్ చేశాను. నా ఇంటి తాళం ముట్టుకుంటే మీ అక్కను మీ ఇంట్లోనే పెట్టుకోండి, పిల్ల ముఖం మళ్ళీ చూడనివ్వను అన్నాడు. నేను భయపడ్డాను ముబీనా. రాయి నా చేతిలో ఉంది. తాళం కూడా పెద్దదేం కాదు. అక్క కాపురం నా చేతుల మీదుగా పోతుందనుకున్నాను. “అత్త మాపటికి వస్తాదంటక్కా, కొంచేపు ఓర్చుకో” అని అబద్ధం చెప్పాను. నా సీసాలో నీళ్ళు తలుపు కింద సందులోంచి పోశాను. లోపల గుడ్డతో నేల అద్దుతున్న చప్పుడు వినబడింది. గుడ్డ పిండుకుని తాగుతున్న చప్పుడు కూడా.

ఆమె ఇంకో మాట అంది. అది రాసి కొట్టేశాను.

మర్నాడు అమ్మను తీసుకుని వెళ్ళాను. చప్పుడు లేదు. అప్పుడు పగలగొట్టాను తాళం.

వాళ్ళ ఊరి పెద్ద పుల్లయ్య పంచాయితీ పెట్టాడు. మేము కేసు పెట్టకూడదు, బసవరాజ్ పిల్లను మాకు వదిలేయాలి. అమ్మ ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను. ముందు రోజు నేను అక్కడికి వెళ్ళానని అమ్మకు ఈరోజు వరకూ తెలియదు. బావ చెప్పలేదు, చెబితే తాను ఫోన్లో అన్న మాట కూడా బయటికి వస్తుంది.

ఇదీ సంగతి. ఇక ఆ సినిమాలు ఎలా చూడను? అందులో దయ్యం నన్ను భయపెట్టదు. అన్నం తింటున్న ఆ ఇంటివాళ్ళను చూస్తే భయం.

రమణి


ఎర్రగుంట్ల,
1 అక్టోబర్ 2024

నా రమణీ,

కాటా దగ్గర కూర్చుని చదివాను. మూడు లారీలకు స్లిప్పులు తప్పు కొట్టాను. మేనేజరు తిట్టాడు, ఏం తిట్టాడో వినబడలేదు.

నీ తప్పు కాదు. ఇది రాస్తూ కూడా ఈ మాట నీకు చాలదని తెలుసు. నేనైనా అదే చేసేదాన్నేమో. తాళం వేసి మిరపకాయలకు పోయినవాడు హాయిగా పడుకుంటున్నాడు, నీళ్ళు పోసినదానికి నిద్ర లేదు.

నాకూ నిద్ర పట్టడం లేదు. నల్లా కింద చెయ్యి పెడితే నీ ఉత్తరం గుర్తొస్తోంది. ఉత్తరం చించేస్తాను. పిల్లను జాగ్రత్తగా చూసుకో.

నీ
ముబీనా


ఎర్రగుంట్ల,
17 నవంబర్ 2024

ప్రియమైన రమణీ,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. బాగున్నారా? ఉరుకుందమ్మ బడికి పోతోందా? పిల్లకు ఒక గౌను పంపుతున్నాను, కొలత తెలియక కాస్త పెద్దదే తీసుకున్నాను.

ఛానెల్ బాగా నడుస్తోంది. ఇన్నాళ్ళూ వెతుక్కున్న గొంతు దొరికింది అనిపిస్తోంది. జపాన్ కథలు కాకుండా సొంతంగా ఒకటి చెప్పాను, ఒక ఇంటి గురించి. అల్లినది అనుకో. ఎనభై వేల మంది విన్నారు. ఆగి ఆగి చెప్పాను, అసలు అరవలేదు. ఆ సినిమాల్లో ఉండే నిశ్శబ్దం నా మాటలోకి మొదటిసారి వచ్చింది. కడప నుంచి ఒక పత్రిక వాళ్ళు ఫోన్ చేశారు. అన్నకు తెలిసిపోయింది. కొడతాడనుకున్నాను, కొత్త మైకు కొనిచ్చాడు.

నువ్వు వెతికి వినాలనుకోకు. మీ దగ్గర ఎలాగూ తెరుచుకోదు, నీకు ఇప్పుడు ఇలాంటివి వినడం మంచిది కాదు కూడా.

నీ
ముబీనా


హిరేకుంట,
5 డిసెంబర్ 2024

ప్రియమైన ముబీనా,

గౌను అందింది. పెద్దదైనా పిల్ల విప్పనంటోంది, కింద కుచ్చెళ్ళు పట్టుకుని నడుస్తోంది. తెలుగు వాచకంలో సగం పాఠాలు చదవగలదు. మా పోస్టు డబ్బా మీద రాసింది కూడబలుక్కుని చదివి అమ్మను పిలిచి చూపించింది. అమ్మ చాలా రోజులకు నవ్వింది.

ఊరు మళ్ళీ ఖాళీ అవుతోంది. లారీలు వచ్చి కూలీలను ఎక్కించుకుని పోతున్నాయి. మేము ఎక్కడికీ పోవడం లేదు. బావ కూడా పోయాడట. రెండో పెళ్ళికి సంబంధం కుదిరిందని విన్నాను. కుదరనీ, పిల్లను అడగకుండా ఉంటే చాలు.

నీకు చెప్పుకున్నాక కాస్త ఊపిరి ఆడుతోంది. చెప్పిన రోజు నుంచి తలుపు చప్పుడు తగ్గింది, నా చెవుల్లో ఉండే చప్పుడు. ఎనభై వేల మంది! హాస్టల్లో ఎనిమిది మందితో మొదలైన దానివి. కోసిగి పోయినప్పుడు తప్పకుండా వింటాను. మంచిది కాదంటావా, నీ గొంతు నాకు ఎప్పుడు చెడు చేసింది?

నీ
రమణి


హిరేకుంట,
12 జనవరి 2025

ముబీనా బేగంకు,

విన్నాను. కోసిగి దాకా పోవలసిన పని పడలేదు, మా గడప దగ్గరికే తెచ్చి వినిపించారు.

గుంటూరులో మిరప చేల పక్కన గుడారాల్లో మా వైపు కూలీలందరూ నీ కథ విన్నారట. ఒకరి ఫోన్ నుంచి ఒకరికి పోయింది. నువ్వు ఊరి పేరు చెప్పలేదు నిజమే. ఎమ్మిగనూరు చెప్పావు, సుగ్గి చెప్పావు, అత్త కొంగున కట్టిన తాళంచెవి చెప్పావు, టపా మోసే చెల్లెల్ని చెప్పావు. ఇక పేరెందుకు? బసవరాజ్ చుట్టూ ఉన్నవాళ్ళు లేచి దూరంగా కూర్చున్నారట. పెళ్ళి సంబంధం వాళ్ళు వద్దన్నారు.

బుధవారం పొద్దున బసవరాజ్ పుల్లయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కేకలు వేయలేదు. ఫోన్ తీసి మా వసారాలో, నా బల్ల మీద, పోస్టు ముద్ర పక్కన పెట్టి మొత్తం వినిపించాడు. ఇరవై నిమిషాలు. అమ్మ గుంజకు ఆనుకుని నిలబడి విన్నది. పిల్ల గౌను కుచ్చెళ్ళు పట్టుకుని విన్నది.

చాలా బాగా చెప్పావు. ఇది ఎగతాళి కాదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగావు. నీ వెనక నా ఉత్తరం కాగితం కదిలిన చప్పుడు కూడా వినబడింది. నేను రాసి కొట్టేసిన మాట ఒకటుంది చూడు, దాన్ని వెలుతురుకు పట్టి చదివినట్టున్నావు. కథ చివర అదే పెట్టావు. “పో. నువ్వు కూడా పో.” మా అక్క నాతో అన్న ఆఖరి మాట అది. మా అమ్మ దాన్ని నీ గొంతులో విన్నది.

ఫోన్ ఆగాక అమ్మ నా వైపు చూసి ఒక్కటే అడిగింది. “నువ్వు ముందునాడు పోయింటివా?”

పోయింటి అన్నాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు.

మాట తప్పింది మీరు కాబట్టి పిల్ల నాది అన్నాడు బసవరాజ్. పుల్లయ్య తల వంచుకున్నాడు. పిల్ల నా చెయ్యి వదలకపోతే వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. ఇప్పుడు ఆమె గుంటూరులో మిరప గుడారంలో ఉంది.

చించేస్తానన్నావు. ఎందుకు చించలేదు? నాకు ఇదొక్కటే తెలియాలి.

రమణి


ఎర్రగుంట్ల,
20 జనవరి 2025

రమణీ,

చించాలనే తీసుకున్నాను. రెండు ఆదివారాలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మూడో ఆదివారం కథ లేదు, లైవ్‌లో నాలుగు వందల మంది ఎదురుచూస్తున్నారు, కాగితం ఒళ్ళో ఉంది. మొదలుపెట్టాను. పేర్లు మార్చాలనుకున్నాను. చెబుతూ ఉంటే నీ మాటలు నా మాటల కంటే సరిగ్గా ఉన్నాయి. మార్చిన చోటల్లా కథ చచ్చిపోతోంది. మార్చడం మానేశాను.

ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. నా గొంతుతో మాట్లాడమని నువ్వే రాశావు. గొంతు వచ్చింది రమణీ, అందులో చెప్పడానికి ఏమీ లేదు. నాకు జరిగింది ఏదీ లేదు. నీ ఉత్తరం చదివినప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే, ఇది చెబితే ఎలా ఉంటుంది అని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి. ఇది ఎవరితోనూ అనలేదు.

ఒక్క మాట విను, తర్వాత ఎంతైనా తిట్టు. కమలాపురం దగ్గర నుంచి ఒక ఆమె రాసింది. వాళ్ళ చెల్లెల్ని కూడా అలాగే గదిలో పెట్టారట. నా కథ విన్న రోజే నలుగురిని వెంటేసుకుని పోయి తాళం తీయించిందట. ‘నీ కథ వినకపోతే నేను కూడా నీళ్ళు పోసి వచ్చేదాన్నక్కా’ అని రాసింది. అలాంటివి ఇంకా వచ్చాయి, పదకొండు. మీ అక్క మాట విని ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంది. అది తప్పా?

పిల్ల సంగతి చదివాక వీడియో తీసేశాను. కానీ ఎవరెవరో దాచుకున్నవి తిరుగుతూనే ఉన్నాయి. ఏం చేయమంటావో చెప్పు. ఏదైనా చేస్తాను.

ముబీనా


హిరేకుంట,
2 ఫిబ్రవరి 2025

ముబీనాకు,

కమలాపురంలో తలుపు తెరుచుకున్నందుకు సంతోషం. నాకు జరిగింది నీకు గొంతయింది, ఇంకొకరికి తాళంచెవి అయింది. మా పిల్లకు ఏమైందో నువ్వు రాయలేదు, ఒక్క వాక్యంలో దాటేశావు.

ఏదైనా చేస్తానన్నావు కదా. ఇది చెయ్.

పోయిన వారం కానిస్టేబుల్ హనుమేష్ వచ్చాడు. ఎవరో నీ వీడియో పోలీసులకు పంపించారట. మర్యాదగానే అడిగాడు. “మీ అక్క కథేనంట గదమ్మా. నిజమైతే చెప్పు, రాసుకుంటా” అన్నాడు. కాగితం, పెన్ను సిద్ధంగా పట్టుకున్నాడు. ఏడాది క్రితం ఆ మనిషి ఆ కాగితంతో వచ్చి ఉంటే ఏమయ్యేదో.

నేను ఆలోచించాను. నిజం చెబితే కేసు. అక్కను కాల్చి ఏడాదైంది. సాక్షిని నేనొక్కదాన్ని, తలుపు తీయని సాక్షిని. కేసు నడిచినన్నాళ్ళూ పిల్ల వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఆ కోపమంతా ఆ పిల్ల మీదే తీరుతుంది. “అది మా కథ కాదు సార్, ఆయమ్మి నా స్నేహితురాలు, జపాన్ సినిమాలు చూసి చెప్తాంటాది. ఇదీ అట్లాంటి సినిమానే. మా వైపు పేర్లు పెట్టి చెప్పింది” అన్నాను. ఆయన నా ముఖం చాలాసేపు చూశాడు. రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

సాయంత్రం పుల్లయ్య వచ్చాడు. బసవరాజ్‌కు పిల్ల అక్కర్లేదు, పరువు కావాలి. కథ చెప్పిన మనిషే అది జపాన్ సినిమా అని నోటితో చెబితే, నలుగురూ వింటే, పిల్లను తిరిగి పంపిస్తానన్నాడట.

నీకు ఇప్పుడు గొంతు ఉంది. చెప్పు.

రమణి


ఎర్రగుంట్ల,
10 ఫిబ్రవరి 2025

రమణీ,

నిన్న మధ్యాహ్నం చెప్పాను. లక్షా పదివేల మంది విన్నారు. నా జీవితంలో ఇంతమంది ఎప్పుడూ వినలేదు, ఇక వినరు.

ముందే రాసుకున్న నాలుగు ముక్కలు చదవలేదు. మామూలుగా మన మాటలోనే చెప్పాను. అది నేను చూసిన జపాన్ సినిమా, పాత సినిమా, పేరు గుర్తులేదు, మన ఊర్ల పేర్లు పెట్టి మోసం చేశాను, ఏ ఇంట్లోనూ అలా జరగలేదు అన్నాను. గొంతు ఎక్కడా వణకలేదు. నువ్వు అన్నది నిజమే, గొంతు ఉంది.

తర్వాత వచ్చిన తిట్లు రాయను. దొంగ అన్నారు, అదీ నిజమే, వాళ్ళు అనుకునే దొంగతనం వేరు. తిట్లు బాధపెట్టలేదు. కమలాపురం ఆమె ఒక్క ప్రశ్న పెట్టింది. ‘అయితే ఆయమ్మి అసలు లేనే లేదా అక్కా?’ అని. ఆమె చెల్లెలి మొగుడు ఇప్పుడు నవ్వుతున్నాడట, సినిమా చూసి నా ఇంటి మీదికి వచ్చినారా అని. ఆమెకు జవాబు ఇవ్వలేదు. నిజం చెబితే మీ పిల్ల రాదు.

ఛానెల్ తీసేశాను. అన్న మైకు గురించి అడగలేదు. నేను కాటా దగ్గర కూర్చుంటున్నాను. లారీవాళ్ళు స్లిప్పు అడిగితే చేత్తో ఇస్తున్నాను, వీలైనంత వరకు మాట్లాడటం లేదు. నా మాట వింటే గుర్తుపడతారు.

నీ ఉత్తరం దీనితో పెడుతున్నాను. చించే హక్కు నాకు లేదనిపించింది. పిల్ల వస్తే ఒక్క ముక్క రాయి. రాకపోయినా రాయి.

ముబీనా


హిరేకుంట,
30 మార్చి 2025

ముబీనా,

ఉరుకుందమ్మ వచ్చింది. నిన్న పుల్లయ్య మోటార్ సైకిల్ మీద తెచ్చి దించి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళాడు. పేలు పడ్డాయని జుట్టు కత్తిరించేశారు. చేతులు మిరప మంటతో ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా నూనె రాశాను. చిక్కిపోయింది. కానీ వచ్చింది. నువ్వు చెప్పిన మాట వల్లే వచ్చింది, అది నీకు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

అమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడదు. పిల్ల వచ్చాక కాస్త వీలైంది. “మీ పిన్నిని వచ్చి తినమను” అంటుంది పిల్లతో. పిల్ల వచ్చి నాతో చెబుతుంది. నేను ఏమన్నా ఉంటే పిల్లతో చెప్పిస్తాను. మూడు అడుగుల దూరంలోనే ఉంటాం ముగ్గురమూ. అమ్మకు మాత్రం అది సినిమా అని నేను చెప్పలేదు. ఆమె కూడా నన్ను అడగలేదు.

స్టేషన్‌లో మా అక్క చావు జపాన్ సినిమాగా రాసి ఉంది, కింద నా సంతకం. ఊర్లో కూడా అదే అంటున్నారు. రెండు నెలల క్రితం బసవరాజ్ పక్కన కూర్చోని వాళ్ళు ఇప్పుడు బీడీ ఇచ్చిపుచ్చుకుంటున్నారు. పెళ్ళి వచ్చే నెలలో అట.

నా ఉత్తరాన్ని పొయ్యిలో వేశాను. నువ్వు దీనికి జవాబు రాయకు. కోపంతో కాదు. నీ కవరు వస్తే నేనే ముద్ర వేయాలి, దాని మీద ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని నా చేత్తో నేనే రాయాలి. ఆ పని నాతో చేయించకు.

ఈరోజు మధ్యాహ్నం పిల్లకు అన్నం కలిపి పెడుతున్నాను. గుడారంలో అందరూ అనుకునేవారట, విని వచ్చింది.

“పిన్నీ, అది మా అమ్మ కథ కాదంట గదా. సినిమానంట గదా” అంది.

అవును అన్నాను.

ముద్ద మింగింది.

“మరి ఆ సినిమాలో చెల్లెలు తలుపెందుకు తీయలే?”

సినిమాలో అట్లే ఉండాది అన్నాను. ఇంకో ముద్ద పెట్టాను.

రమణి